ఏఎల్‌బీ వెనక నోడ్ యాప్: లోడ్ లేని వేళల్లోనే 502లు, కస్టమర్‌కి ఏమని రాయాలి?

క్యూలో_కేసు

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) మీద నడిచే కస్టమర్లకి మేనేజ్డ్ సపోర్ట్ ఇచ్చే టీమ్ మాది. కస్టమర్ అకౌంట్‌లో మాకు రీడ్ ఓన్లీ యాక్సెస్ ఒక్కటే ఉంది, మార్పులు వాళ్లే చేసుకోవాలి.

సెటప్ ఇదీ: హైదరాబాద్ రీజియన్, పబ్లిక్ ఏఎల్‌బీ (రిక్వెస్టుల్ని పంచే అమెజాన్ లోడ్ బ్యాలెన్సర్), దాని వెనక ఈసీఎస్ ఫార్గేట్‌లో (సర్వర్ మనం చూసుకోనక్కర్లేకుండా కంటైనర్లు నడిపే సేవ) 4 టాస్క్‌లు, అంటే యాప్ కాపీలు. నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) మీద ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్, పోర్ట్ 3000. ఏఎల్‌బీ ఐడిల్ టైమౌట్ (కనెక్షన్ మీద ఏమీ కదలకపోతే ఎంతసేపు ఆగాలన్నది) డిఫాల్ట్ 60 సెకన్లు, ఎవరూ ముట్టుకోలేదు. హెల్త్ చెక్‌లు పచ్చగానే ఉన్నాయి, సీపీయూ, మెమరీ ఖాళీగా పడి ఉన్నాయి.

కంప్లయింట్: అక్కడొకటి ఇక్కడొకటి 502లు (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్). విచిత్రం ఏమిటంటే పగలు పీక్‌లో దాదాపు కనపడవు, రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున వస్తున్నాయి. యాక్సెస్ లాగ్‌లో ఒక లైన్ తీసి చూస్తే రిక్వెస్ట్ ప్రాసెసింగ్ టైమ్ 0.001, టార్గెట్ (అంటే వెనకున్న టాస్క్) ప్రాసెసింగ్ టైమ్ 0.003, రెస్పాన్స్ ప్రాసెసింగ్ టైమ్ -1, ఏఎల్‌బీ స్టేటస్ 502, టార్గెట్ స్టేటస్ ఉండాల్సిన చోట ఉత్త గీత.

వాళ్ల డెవ్ టీమ్ మాట ఒక్కటే: "మా యాప్ లాగ్‌లో ఆ రిక్వెస్టులే లేవు, కాబట్టి తప్పు లోడ్ బ్యాలెన్సర్‌ది." కేసు సివియారిటీ పెంచి ఆర్‌సీఏ (మూలకారణం రిపోర్ట్) అడుగుతున్నారు.

తెలుసుకోవాల్సినవి మూడు. కారణం ఎటువైపు ఉంది? ఫార్గేట్‌లో హోస్ట్ మన చేతికి రాదు కదా, రుజువు ఎలా చూపించాలి? ఏఎల్‌బీ ఐడిల్ టైమౌట్ 4 సెకన్లకి తగ్గిస్తే పోతుందని టీమ్‌లో ఒకరు అంటున్నారు, అది సరైన పనేనా?

---

ప్యాకెట్_పిచ్చోడు

నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది బ్రదర్. టార్గెట్ స్టేటస్ దగ్గర గీత ఉందంటే ఆ 502 యాప్ ఇచ్చింది కాదు, ఏఎల్‌బీ తనంతట తాను పుట్టించింది. క్లౌడ్‌వాచ్ మెట్రిక్స్‌లో కూడా చూడు, ఈఎల్‌బీ (లోడ్ బ్యాలెన్సర్ తనే ఇచ్చిన) 502 కౌంట్ పెరిగి, టార్గెట్ 5ఎక్స్‌ఎక్స్ కౌంట్ సున్నా దగ్గరే ఉంటుంది. అంతమాత్రాన తప్పు ఏఎల్‌బీది అయిపోదు. టార్గెట్ కనెక్షన్ తెంపేస్తే ఏఎల్‌బీ 502 కాక ఇంకేం ఇస్తుంది?

జరిగేది ఇదీ. ఏఎల్‌బీ ప్రతి రిక్వెస్టుకీ టార్గెట్‌తో కొత్త కనెక్షన్ తెరవదు, ఉన్నదాన్నే మళ్లీ వాడుకుంటుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని 60 సెకన్ల దాకా ఉంచుకుంటుంది. నోడ్ హెచ్‌టీటీపీ సర్వర్ మాత్రం ఖాళీ కనెక్షన్‌ని 5 సెకన్లకే మూసేస్తుంది, కీప్‌అలైవ్‌టైమౌట్ డిఫాల్ట్ అంతే. 5 సెకన్లు నిండగానే నోడ్ వైపు నుంచి ఫిన్ (కనెక్షన్ మూస్తున్నాననే ప్యాకెట్) బయల్దేరుతుంది. సరిగ్గా ఆ మిల్లీసెకన్లలోనే ఏఎల్‌బీ అదే కనెక్షన్ మీద కొత్త రిక్వెస్ట్ పంపిందనుకో, అవతలివాడు ఫోన్ పెట్టేస్తున్నప్పుడు ఇవతలివాడు మాట మొదలెట్టినట్టు అవుతుంది. రిక్వెస్ట్ చేరేసరికి అక్కడ సాకెట్ లేదు. టాస్క్ వైపు కెర్నల్ ఆర్‌ఎస్‌టీ (ఆ కనెక్షన్ ఇక్కడ లేదనే రీసెట్ ప్యాకెట్) కొడుతుంది, ఏఎల్‌బీ దాన్ని 502గా క్లయింట్‌కి ఇస్తుంది.

డెవ్ టీమ్ లాగ్‌లో ఏమీ లేకపోవడానికి కారణం ఇదే. ఆర్‌ఎస్‌టీ కొట్టింది కెర్నల్, ఎక్స్‌ప్రెస్ దాకా ఆ రిక్వెస్ట్ రానేలేదు. వాళ్లు చెప్పింది నిజమే, దాన్నుంచి తీసిన అర్థమే తప్పు.

రాత్రిళ్లే ఎందుకంటే, పీక్‌లో ఏ కనెక్షనూ 5 సెకన్లు ఖాళీగా ఉండదు, నోడ్‌కి మూసే అవకాశమే రాదు. ట్రాఫిక్ మరీ పల్చబడితే కనెక్షన్లు ఎప్పుడో మూసుకుపోయి ఉంటాయి, ఆ సంగతి ఏఎల్‌బీకి తెలుసు, కొత్తది తెరుస్తుంది. ఒక్కో కనెక్షన్ మీద రిక్వెస్టుల మధ్య ఎడం 5 సెకన్ల చుట్టుపక్కల ఉన్నప్పుడే ఈ గొడవంతా. "లోడ్ పెరిగినప్పుడు రావాలి కదా, తగ్గినప్పుడు రావడమేంటి" అని కస్టమర్ తప్పకుండా అడుగుతాడు. ఈ మాట సిద్ధంగా పెట్టుకో.

రుజువుకి ప్యాకెట్ క్యాప్చర్ దాకా వెళ్లనక్కర్లేదు. అదే వీపీసీలో (కస్టమర్ ప్రైవేట్ నెట్‌వర్క్) చిన్న ఈసీ2 సర్వర్ ఒకటి పెట్టించి, టాస్క్ సెక్యూరిటీ గ్రూప్‌లో దానికి 3000 తెరిపించు. అక్కడి నుంచి టాస్క్ ప్రైవేట్ ఐపీకి హెడర్లు కూడా చూపించే వెర్బోస్ ఆప్షన్‌తో కర్ల్ కమాండ్ కొట్టమను. కాస్త కొత్త నోడ్ వెర్షన్ అయితే రెస్పాన్స్ హెడర్లలో కీప్-అలైవ్ ఎదురుగా టైమౌట్=5 అని నోడే రాసిస్తుంది. ఏఎల్‌బీ అడ్రస్‌కి కొడితే లాభం లేదు, ఆ హెడర్ ఒక హాప్‌కే (ఒక్క కనెక్షన్ రెండు చివర్ల మధ్యకే) పరిమితం. టాస్క్‌నే నేరుగా అడగాలి.

ఇంకా నమ్మకపోతే టెల్‌నెట్‌తో 3000కి కనెక్ట్ అయి, గెట్ లైనూ హోస్ట్ లైనూ టైప్ చేసి, ఖాళీ లైన్ కొట్టి జవాబు వచ్చాక చేతులు కట్టుకు కూర్చోమను. అయిదారు సెకన్లకి కనెక్షన్ అవతలివైపు నుంచే తెగిపోతుంది. వాళ్లే గడియారం పట్టుకుని చూస్తారు, ఇక వాదన ఉండదు.

ఈసీఎస్ ఎగ్జిక్‌తో కంటైనర్‌లోకే వెళ్లొచ్చు, కాకపోతే టాస్క్ రోల్‌కి ఎస్‌ఎస్‌ఎం మెసేజెస్ పర్మిషన్లు ఇచ్చి, సర్వీస్‌లో ఎగ్జిక్ ఆన్ చేసి, కొత్త డిప్లాయ్‌మెంట్ కొట్టాలి. నడుస్తున్న టాస్క్‌లకి అది అంటుకోదు. పైగా స్లిమ్ ఇమేజ్ అయితే లోపల కర్ల్ కూడా ఉండదు.

ఫిక్స్: యాప్ డాట్ లిజన్ తిరిగిచ్చే సర్వర్ ఆబ్జెక్ట్ మీద కీప్‌అలైవ్‌టైమౌట్ 65000, హెడర్స్‌టైమౌట్ 66000. రెండోది మర్చిపోవద్దు. కొన్ని పాత నోడ్ వెర్షన్లలో హెడర్స్‌టైమౌట్ లెక్క ముందు రిక్వెస్ట్ నుంచే మొదలయ్యేది. దాని డిఫాల్ట్ 60 సెకన్లు, అంటే మొదటిది 65 చేసినా రెండోది 60కి తెంపేస్తుంది. విలువలు మిల్లీసెకన్లలో. 65 అని రాసి "మీరు చెప్పింది చేశాం, ఇంకా ఎక్కువయ్యాయి" అని తిరిగొచ్చే కస్టమర్లు ఉంటారు, 65 మిల్లీసెకన్లకి మూస్తే ఎక్కువవక ఏమవుతాయి.

---

రాత్రి_ఆన్‌కాల్

ఇంత తతంగం ఎందుకు, ఏఎల్‌బీ ఐడిల్ టైమౌట్ 4 పెట్టేస్తే నోడ్ కన్నా ముందు ఏఎల్‌బీయే మూస్తుంది కదా? కోడ్ మార్పు లేదు, డిప్లాయ్‌మెంట్ లేదు. 1 నుంచి 4000 దాకా ఏ విలువైనా తీసుకుంటుంది.

---

ప్యాకెట్_పిచ్చోడు

తీసుకుంటుంది, కానీ ఐడిల్ టైమౌట్ ఖాళీ కనెక్షన్లకి మాత్రమే కాదన్నా. రిక్వెస్ట్ పంపి జవాబు కోసం ఎదురుచూసే సమయం కూడా అందులోకే వస్తుంది. ఆ మధ్య బైట్ కదలకపోతే 4 సెకన్లకి ఏఎల్‌బీ 504 (టైమౌట్ ఎర్రర్) కొడుతుంది. నెలాఖరు రిపోర్ట్ 12 సెకన్లు తీసుకుంటుందనుకోండి, నిన్నటిదాకా పనిచేసినది ఈరోజు ప్రతిసారీ పోతుంది. ఎప్పుడో ఒకటి వచ్చే 502ని ఖాయంగా వచ్చే 504గా మార్చి ఇచ్చినట్టు. వెబ్‌సాకెట్లు ఉంటే అవీ 4 సెకన్లు మౌనంగా ఉంటే తెగుతాయి.

గంటసేపు నెట్టుకురావడానికి అయితే, అదీ యాక్సెస్ లాగ్‌లో అత్యధిక టార్గెట్ ప్రాసెసింగ్ టైమ్ 2 సెకన్లు దాటలేదని చూసుకున్నాక అయితే సరే. పర్మనెంట్ ఫిక్స్ అని మాత్రం రాయకూడదు.

---

రాత్రి_ఆన్‌కాల్

ఒప్పుకున్నా. 504 సంగతి నాకు తట్టలేదు.

---

గోదారి_డెవాప్స్

నోడ్ ఒక్కదాన్నే అనక్కర్లేదు, ఈ జబ్బు చాలా వెబ్ సర్వర్లకి ఉంది. అపాచీ కీప్‌అలైవ్ టైమౌట్ డిఫాల్ట్ 5 సెకన్లు. యువికార్న్ కూడా 5. గునికార్న్ 2 మాత్రమే. టామ్‌క్యాట్‌తో వచ్చే సర్వర్ ఎక్స్‌ఎంఎల్‌లో కనెక్షన్ టైమౌట్ 20000 అని ఉంటుంది, కీప్‌అలైవ్ విడిగా పెట్టకపోతే అదే విలువ తీసుకుంటుంది, అంటే 20 సెకన్లు. ఎన్‌జిన్‌ఎక్స్ ఒక్కటే 75తో బయటపడింది. నెక్స్ట్ జేఎస్‌లో సర్వర్ ఆబ్జెక్ట్ మన చేతికి రాదు, నెక్స్ట్ స్టార్ట్ కమాండ్‌కే కీప్‌అలైవ్‌టైమౌట్ ఫ్లాగ్ ఉంది, 70000 ఇస్తే సరి.

గో భాష వాళ్లది ఇంకో రకం. ఐడిల్‌టైమౌట్ పెట్టకపోతే రీడ్‌టైమౌట్ విలువనే అది ఐడిల్‌కీ వాడుకుంటుంది. సెక్యూరిటీ ఆడిట్‌లో చెప్పారని ఎవరో రీడ్‌టైమౌట్ 10 సెకన్లు పెడతారు, మర్నాటి నుంచి 502లు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు.

గూగుల్ క్లౌడ్‌లో అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ వెనక బ్యాకెండ్ కీప్‌అలైవ్ 600 సెకన్లు, అది మార్చడానికి ఉండదు. అక్కడ యాప్ వైపు 620 పెట్టాలి. ఏడబ్ల్యూఎస్ నుంచి మారిన టీమ్‌లు 65నే మోసుకెళ్లి మళ్లీ ఇదే కేసు తెరుస్తారు.

ఇంకోటి, టాస్క్‌లో నోడ్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ సైడ్‌కార్ (పక్కనే నడిచే మరో కంటైనర్) ఉందేమో అడుగు. ఉంటే, దాని అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌అలైవ్ ఆన్ చేసి ఉంటే, ఇదే గొడవ ఒక హాప్ వెనక్కి జరుగుతుంది. ఏఎల్‌బీకీ ఎన్‌జిన్‌ఎక్స్‌కీ మధ్య అంతా బాగుంటుంది, ఎన్‌జిన్‌ఎక్స్‌కీ నోడ్‌కీ మధ్య తెగుతుంది. అప్పుడు లాగ్‌లో టార్గెట్ స్టేటస్ దగ్గర గీత ఉండదు, 502 అనే ఉంటుంది, ఎందుకంటే ఎన్‌జిన్‌ఎక్స్ నిజంగానే 502 జవాబు ఇచ్చింది. దాని ఎర్రర్ లాగ్‌లో ఎర్రర్ 104, కనెక్షన్ రీసెట్ బై పీర్ అని కనపడుతుంది. ఎథీనాలో (ఎస్3 స్టోరేజ్‌లోని లాగ్‌ల మీద క్వెరీలు నడిపే సేవ) క్వెరీ రాసేటప్పుడు 502లన్నీ ఒకే కుప్పగా లెక్కపెట్టకుండా టార్గెట్ స్టేటస్, టార్గెట్ ఐపీ, గంట వారీగా విడగొట్టు. ఆ ఒక్క క్వెరీతో సగం కేసు తేలుతుంది.

కస్టమర్‌కి యాక్సెస్ లాగ్‌లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి బతికిపోయావు. ఆన్ చేయనివాళ్లకి జరిగిపోయినదాని గురించి ఏమీ చెప్పలేం. హైదరాబాద్ 2022 నవంబర్‌లో తెరిచిన రీజియన్, అక్కడ లాగ్‌లు పడే ఎస్3 బకెట్ పాలసీలో ఈఎల్‌బీ అకౌంట్ నంబర్ పనికిరాదు, లాగ్ డెలివరీ సర్వీస్ ప్రిన్సిపల్ ఇవ్వాలి. ముంబైలో ఎప్పుడో రాసుకున్న పాలసీని కాపీ కొడితే యాక్సెస్ డినైడ్ వస్తుంది. బకెట్ ఎన్‌క్రిప్షన్ కూడా ఎస్ఎస్ఈ-ఎస్3 (ఎస్3 తన సొంత కీతో చేసేది) ఉండాలి, కేఎంఎస్ కీ పెడితే లాగ్‌లు పడవు.

---

సెవ్‌వన్_సావిత్రి

టెక్నికల్ సంగతి వీళ్లు తేల్చేశారు, కేసులో ఏం రాయాలన్నది నేను చెబుతాను. కేసులు ముదిరేది అక్కడే.

అన్నింటికన్నా ముందు టైమ్ జోన్ చూడండి. ఏఎల్‌బీ లాగ్‌లో ఉండేది యూటీసీ. లాగ్‌లో 18:42 అని ఉంటే మనకది అర్ధరాత్రి దాటాక 00:12, తేదీ కూడా మారిపోతుంది. డెవ్ టీమ్ తమ లాగ్‌లో సాయంత్రం 6:42 దగ్గర వెతికి "ఏమీ లేదు" అంటున్నారేమో. ఈ కేసులో నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు, కానీ ఆ మాట సరైన నిమిషంలో వెతికి అనాలి. ట్రేస్ ఐడీ హెడర్‌ని (ప్రతి రిక్వెస్టుకీ ఏఎల్‌బీ తగిలించే గుర్తు) యాప్ లాగ్ చేస్తోందా అనీ అడగండి. చేస్తుంటే టైమ్‌తో పనిలేకుండా దాంతోనే వెతకొచ్చు.

ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది, వరస మాత్రం ఇలా ఉండాలి. మొదటి వాక్యంలోనే తేలింది ఏమిటో చెప్పండి: టాస్క్ ఖాళీ కనెక్షన్‌ని 5 సెకన్లకి మూస్తోంది, ఏఎల్‌బీ 60 దాకా వాడుకోవాలని చూస్తోంది, ఆ తేడాలో పడినవి 502లు. తర్వాత వాళ్ల సొంత లాగ్ లైన్ ఒకటి పెట్టి, ఏ అంకె ఏం చెబుతోందో విప్పండి. మూడోది, వాళ్లే చేసి చూసుకోగల పరీక్ష, ఆ కర్ల్ లేదా టెల్‌నెట్. నాలుగోది మార్చాల్సిన రెండు లైన్లు. "మీ కోడ్‌లో బగ్" అని ఎక్కడా రాయకండి. అది బగ్ కాదు, రెండు డిఫాల్ట్‌లు పొసగలేదు, అంతే. ఆ ఒక్క మాట తేడాతో వాళ్ల డెవ్ లీడ్ మన వైపుకి వస్తాడు.

సివియారిటీ గురించి మొదటి ఉత్తరంలో వాదించొద్దు. మొత్తం రిక్వెస్టులెన్ని, అందులో 502లెన్ని, ఏ పాత్‌ల మీద వచ్చాయి, ఇవి రాస్తే చాలు. అంకెలు చూశాక చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు.

వాళ్లు అడగబోయేది మరొకటుంది: "502 వచ్చిన పోస్ట్ రిక్వెస్ట్ మా దగ్గర నమోదైందా లేదా?" పేమెంట్ కాల్‌బ్యాక్‌లు ఉంటే ఇదే అసలు ప్రశ్న. పైన చెప్పిన రకంలో యాప్ దాకా రిక్వెస్ట్ చేరదు కాబట్టి నమోదు కాదు. కానీ అన్ని 502లకీ ఈ హామీ ఇవ్వకండి. యాప్ సగం పని చేశాక కంటైనర్ చచ్చిపోయినా 502యే వస్తుంది. క్లయింట్ మళ్లీ పంపినా రెండుసార్లు నమోదు కాకుండా ఐడెంపొటెన్సీ కీ పెట్టుకోమని రాయండి, ఏఎల్‌బీ ఇలాంటి రిక్వెస్టుల్ని తనంతట తాను తిరిగి పంపదు.

డిప్లాయ్‌మెంట్ సమయంలో వచ్చే 502లు వేరే కుప్ప. ఈసీఎస్ సర్వీస్ ఈవెంట్స్‌లో టాస్క్‌లు ఆగిన నిమిషాలు తీసుకుని లాగ్‌తో పోల్చి పక్కకి తీసేయండి. ఈసీఎస్‌లో ముందు టార్గెట్ గ్రూప్ నుంచి తీసి, డీరిజిస్ట్రేషన్ డిలే అయ్యాకే, డిఫాల్ట్ 300 సెకన్లు, సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) వెళ్తుంది కాబట్టి కాస్త నయం. కుబర్నెటీస్ వాళ్లకి ఆ రెండూ ఒకేసారి మొదలవుతాయి, అందుకే ప్రీస్టాప్‌లో (ఆపే ముందు నడిచే స్టెప్) 15, 20 సెకన్ల స్లీప్ కావాలి. గ్రేస్ పీరియడ్ డిఫాల్ట్ 30 సెకన్లలో ఆ స్లీప్ కూడా కలిసే ఉంటుంది. ప్రీస్టాప్‌కే 30 ఇచ్చేస్తే యాప్ మూసుకోవడానికి ఏమీ మిగలదు.

మార్పు చేసిన రోజే కేసు క్లోజ్ చేయకండి. రెండు రాత్రులు గడవనిచ్చి, అదే ఎథీనా క్వెరీ మళ్లీ నడిపి, ముందూ తర్వాతా అంకెలు పక్కపక్కన పెట్టి అప్పుడు అడగండి.

---

క్యూలో_కేసు

అందరికీ థాంక్స్, అక్కకి మరీను. కర్ల్‌లో టైమౌట్=5 వాళ్లే చూసుకున్నారు, ఇక మాట రాలేదు. సైడ్‌కార్ లేదు. 65000, 66000 పెట్టి డిప్లాయ్ చేశారు. రాత్రి 502లు పోయాయి.

కానీ కొద్దిగా మిగిలాయి. ఇవి వేళాపాళా లేకుండా వస్తున్నాయి, అన్నీ లాగిన్ కాల్‌బ్యాక్ పాత్ మీదే. టార్గెట్ స్టేటస్ గీతే, అయితే టార్గెట్ ప్రాసెసింగ్ టైమ్ 0.4 దగ్గర ఉంటోంది. ఈసారి యాప్ లాగ్‌లో అదే ట్రేస్ ఐడీతో 200 ఇచ్చినట్టు స్పష్టంగా ఉంది. అదే పాత్ చాలామందికి పనిచేస్తోంది, కొందరు యూజర్లకి మాత్రం ఎప్పుడూ పోతోంది.

---

గోదారి_డెవాప్స్

యాప్ 200 అంటోంది, ఏఎల్‌బీ 502 అంటోంది, అదీ కొందరికే, ప్రతిసారీ. ఇది టైమౌట్ జాతి కాదు. యాప్ జవాబిచ్చింది, ఆ జవాబు ఏఎల్‌బీకి మింగుడుపడలేదు. రెస్పాన్స్ హెడర్లు చూడు. ఏఎల్‌బీ ఒప్పుకునే మొత్తం రెస్పాన్స్ హెడర్ సైజు 32కే, అది పెంచడానికి లేదు. లాగిన్ పాత్ అంటున్నావు కాబట్టి నా అనుమానం సెట్-కుకీ మీద. యూజర్‌కి ఉన్న గ్రూపులూ రోల్సూ అన్నీ టోకెన్‌లో కూరి, ఆ టోకెన్‌ని ముక్కలు చేసి పలు కుకీల్లో పెట్టే లైబ్రరీలు ఉన్నాయి. రోల్స్ తక్కువ ఉన్నవాళ్లకి సరిపోతుంది, అడ్మిన్లకి పగిలిపోతుంది. పోతున్న యూజర్లు అడ్మిన్లేనా అని అడుగు.

పరీక్ష మళ్లీ అదే దారిలో: ఈసీ2 నుంచి టాస్క్‌కి నేరుగా, పోతున్న యూజర్ సెషన్‌తో కర్ల్ కొట్టించి, హెడర్లు మాత్రం ఒక ఫైల్‌లోకి దింపి, బైట్లు లెక్కపెట్టమను. 32,768కి దగ్గర్లో గానీ పైన గానీ ఉంటే తేలిపోయినట్టే. ఆ ఫైల్‌లో బతికున్న సెషన్ టోకెన్ ఉంటుంది, కేసుకి అటాచ్ చేయనివ్వకు, సైజు అంకె ఒక్కటి చాలు.

సైజు మామూలుగానే ఉంటే, ఒకే జవాబులో కంటెంట్-లెంగ్త్, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ రెండూ వెళ్తున్నాయా, హెడర్ పేరులో ఖాళీ గానీ విలువలో కొత్త లైన్ క్యారెక్టర్ గానీ దూరిందా చూడాలి. యూజర్ పేరుని హెడర్‌లో పెట్టే యాప్‌లలో ఇలాంటివి దొరుకుతాయి, అవీ కొందరు యూజర్లకే వస్తాయి.

కుకీయే అయితే పరిష్కారం వాళ్ల చేతిలోనే ఉంది: కుకీలో సెషన్ ఐడీ ఒక్కటే ఉంచి మిగతాది రెడిస్‌లోనో డైనమోడీబీలోనో పెట్టుకోవాలి. దీనికి వేరే కేసు తెరిపించు. రెండు కారణాలు ఒకే ఆర్‌సీఏలో కలిపితే మొదటి ఫిక్స్ పనిచేయలేదనే చదువుతారు.